ఏడో నంబరు చెవి

డాక్టర్ కనకవల్లి నా చెవి మీద రాసిన పదకొండు పేజీల్లో ఒక మాట తప్పు. మిగిలిందంతా నిజమే అయ్యుండొచ్చు. నాకు ఇంగ్లీషు రాదు, ఆరో తరగతి సగంలో బడి మానేసినోణ్ణి. మా ఊరి సచివాలయంలో పనిచేసే అమ్మాయి ఆ పేజీలు చదివి, నా ఎదురుగా కూర్చుని, నేను నోరు చూసి అందుకునేటట్లు నిదానంగా చెప్పింది. అందులో నా పేరు యాడా లేదు. నేను ఏడో నంబరు రోగిని. పోనీలే, అది కూడా సరే అనుకున్నాను. చివరి పేజీలో మాత్రం ఇట్లా ఉందంట: ఏడో నంబరు రోగికి కొత్తగా వచ్చిన వినికిడి రోగి అజాగ్రత్త వల్ల నశించింది.

అజాగ్రత్త. ఆ పొద్దు ఆమె నాకు పదడుగుల దూరంలో నిలబడి ఉంది. అంతా కండ్లతో చూసింది. చూసి కూడా ఆ మాట రాసింది. ఆమె రాసింది దేశదేశాల డాక్టర్లు చదువుతారు. నేను రాసేది మీరైనా చదవండి.

నా పేరు కాటమయ్య. ఇరవై మూడేండ్లు బోరు బండి మీద పని చేశాను. మొదట పైపులు అందించేవాణ్ణి, తర్వాత మిషను దగ్గర నిలబడేవాణ్ణి. ఆ పనిలో చెవి ఒక్కసారిగా పోదు. ముందు పిచ్చుకలు పోతాయి. ఈ ఊర్లో పిచ్చుకలు తగ్గిపోయినాయే అనుకుంటాం. తర్వాత సైకిలు బెల్లు పోతుంది. తర్వాత ఆడవాళ్ళ మాట. మా ఇంటామె ఏం చెప్పినా ఊ కొడతా ఉంటే, మొగుడు మంచోడు అయినాడని ఒక ఏడాది సంతోషపడింది పాపం. చివరికి మగవాళ్ళ మాట కూడా గొంగళి కప్పుకుని మాట్లాడినట్లు వినిపిస్తుంది. అప్పటికి బండి మీద అందరం చేతుల భాషలో, నోటి కదలికలో బతకడం నేర్చుకుని ఉంటాం.

మండలంలో చెవుల క్యాంపు పెట్టినప్పుడు డాక్టర్ కనకవల్లిని మొదటిసారి చూశాను. యాభై ఎనిమిదేండ్ల మనిషి, సన్నగా, పొట్టిగా, చేతిలో ఎప్పుడూ ఒక నోటుబుక్కు. నాతో మాట్లాడేటప్పుడు ఒక్కసారి కూడా మొహం పక్కకు తిప్పలేదు. చెవిటోళ్ళతో మాట్లాడటం ఎవరూ నేర్పకుండానే ఆమెకు తెలుసు. వాళ్ళ నాయన రైసుమిల్లులో ఇంజను నడిపేవాడంట. కూతురు డాక్టరు పరీక్ష పాసైన సంగతి ఆయనకు పలక మీద రాసి చూపించాల్సి వచ్చిందంట.

పట్నంలో ఆమె పనిచేసే ఆసుపత్రిలో వార్డుబాయిలు ఆమెను వెనకాల కోళ్ళ డాక్టరమ్మ అనేవాళ్ళు. ఆమె గది వెనక ఎప్పుడూ నలభై యాభై కోళ్ళు ఉండేవి. మనిషి లోచెవిలో సన్నని మొలకల్లాంటివి పదిహేను వేలు ఉంటాయంట. గట్టి చప్పుడుకు అవి పడిపోతే మళ్ళీ మొలవవు. కోడికి మొలుస్తాయి. కోడికి ఉన్న భాగ్యం మనిషికి ఎందుకు లేదు అనే ఆ ఒక్క ప్రశ్నతోనే ఆమె ముప్పై ఏండ్లు గడిపింది. చీముకారే చెవులూ, చెవిలో హోరూ, తలతిరుగుడూ పొద్దంతా చూసేది. సాయంత్రం కోళ్ళకు చెవుడు తెప్పించి, మళ్ళీ నయం చేసి, ఎట్ల నయమైందో రాసుకునేది. ఆ కోళ్ళలో ఒకదాన్ని వాచ్‌మన్ కోసుకుని తిన్నాడని, ఆమె వాడి చెవి పరీక్ష చేసి చూసిందని చెప్పుకుని నవ్వేవాళ్ళు. నేను అడిగితే ఆమె కాదనలేదు.

చివరికి మందు తయారైంది. కర్ణభేరి వెనక్కి సన్నని సూదితో వేస్తారు. కాగితాల మీద వేలిముద్ర, సంతకం రెండూ పెట్టించుకుని బోరు బండి మనుషులు ఏడుగురికి వేసింది. ఆరుగురికి ఏమీ కాలేదు. నాకూ మాటలు రాలేదు, పిచ్చుకలు రాలేదు. అయితే రెండు నెలల తర్వాత ఇంకేదో వచ్చింది.

అది చప్పుడా కాదా అని నాకే తెలీలేదు. నిండు బిందె మూతి మీద చెయ్యి ఆనించి, ఆ బిందెను ఎవరో పక్కనుంచి తట్టినప్పుడు ఎట్లుంటుంది, అట్లా. అరికాలి నుంచి వస్తాందా, చెవి నుంచి వస్తాందా చెప్పలేను. బస్సు రాకముందే బస్సు తెలిసేది. ఉరుము రాకముందే ఉరుము తెలిసేది. పోయి ఆమెకు చెప్తే, ఆసుపత్రి మిషన్లో ఉన్న అన్నిటికంటే లావు శబ్దం పెట్టి చూసింది. వినిపిస్తా ఉంది అన్నాను. ఇంకా లావుది ఆ మిషన్లో లేదు.

వారం తర్వాత మళ్ళీ రమ్మంది. పోతే ఒక చెక్క పెట్టె ఉంది, లోపల బండిచక్రమంత స్పీకరు. పైన స్టీలు పళ్ళెం, పళ్ళెంలో గుప్పెడు రాగులు. నన్ను గోడకేసి తిరిగి కూర్చోమంది. చప్పుడు వచ్చినప్పుడు వేలెత్తాలి. గదిలో నర్సులు, చదువుకునే డాక్టర్లు కలిసి పదిమంది ఉన్నారు. వాళ్ళకెవరికీ ఏమీ వినిపించలేదంట. రాగులు మాత్రం పళ్ళెంలో ఎగిరినాయంట. రాగులు ఎగిరిన నలభైసార్లూ నేను వేలెత్తాను. ఎగరనప్పుడు ఎత్తలేదు. వెనక్కి తిరిగి చూస్తే డాక్టరమ్మ పళ్ళెంలోంచి నాలుగు గింజలు తీసి నోట్లో వేసుకుని నములుతా ఉంది. ఏం చేస్తాందో ఆమెకే తెలీలేదు.

నా సంచిలో మా అక్క తోట చీనీకాయలు, మీరు బత్తాయిలనేవి, రెండున్నాయి, తొలికాపువి. ఒకటి ఇస్తే ఆమె బ్లేడు తీసుకుని, తెగకుండా ఒకే చుట్టుగా తొక్క తీసింది. ఆ తొక్కను బల్ల మీద నత్తగుల్లలాగా చుట్టి పెట్టింది.

“లోచెవి ఇట్లా ఉంటుంది కాటమయ్యా. వాకిలి దగ్గర సన్నని శబ్దాలు, లోపలి కొసన లావు శబ్దాలు. మీ బోరు బండి వాకిలిని కాల్చేసింది. నా మందు వాకిలి దగ్గర ఏం చేయలేకపోయింది. కొసన మొలిచింది. మొలిచి అక్కడితో ఆగలేదు.” తొక్క కొసన ఇంకో చిన్న ముక్క అతికించింది. “ఏ మనిషికీ లేని ఈ ముక్క మీకు పెరిగింది.”

అవి లేత మొలకలని, బోరు బండి లాంటి చప్పుడుకు ఒక్క పూటలో వాలిపోతాయని, మందు రెండోసారి పనిచేయదని కోళ్ళలో చూశానని చెప్పింది. చప్పుడు లోపలికి పోకుండా చెవులకు పెట్టుకోవడానికి రెండు పెద్ద డిప్పలు ఇచ్చింది. నేను ఆ డిప్పలను ఎట్లా చూసుకున్నానో మా ఊరంతటికీ తెలుసు. పండుకునేటప్పుడు దిండు పక్కన పెట్టుకునేవాణ్ణి. ఈ మాట అజాగ్రత్త గురించి రాసినోళ్ళకు చెప్తాండాను.

మా అక్క సుంకమ్మ నాకంటే తొమ్మిదేండ్లు పెద్దది. అమ్మ పోయినాక నన్ను సాకింది ఆమే. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఉన్నదంతా మూడెకరాల్లో మూడొందల పది చీనీచెట్లు. ఆరేండ్లు చాలీచాలని బోరుకు తోడు ట్యాంకర్లతో, బిందెలతో నీళ్ళు పోసి తొలికాపుకు తెచ్చింది. ఆ ఏడాదే ఆమె బోరు ఎండింది. చీనీచెట్టుకు రెండు నెలలు నీళ్ళు లేకపోతే ఆకు ముడుస్తుంది. మూడో నెలకు చెట్టు కట్టెల కిందికి తప్ప పనికిరాదు.

ఒక పొద్దు తోటలో నడుస్తా ఉంటే అరికాళ్ళ కింద ఆ బిందె చప్పుడు వచ్చింది. ఇట్లా నాలుగడుగులు పోతే సన్నగిల్లింది, అట్లా పోతే ఊరింది. తోటంతా ఎద్దులాగా తిరిగి, ఎక్కువగా ఉన్నచోట ఒక రాయి పెట్టి, ఇక్కడ బోరు వెయ్యక్కా అన్నాను. చెవిటోడు పాయింటు పెట్టినాడంట అని ఊర్లో నవ్వుకున్నారు. అక్క నవ్వలేదు. నేను ఇరవై మూడేండ్లు ఈ నేలకు రంధ్రాలు పెట్టినోణ్ణని ఆమెకు తెలుసు.

మా పక్క ఒక పద్ధతి ఉంది. పాయింటు పెట్టిన మనిషి చెప్పులిడిచి, నీళ్ళు పడేదాకా బండి పక్కనే నిలబడాలి. వాడు పక్కకు పోతే నీళ్ళూ వాని వెనకాలే పోతాయంటారు. నేను డిప్పలు పెట్టుకునే నిలబడ్డాను. వంక అవతల పొలం వీరన్నది. వాడు చూడ్డానికి వచ్చి, నా మొహానికి ఎదురుగా నిలబడి అన్నాడు.

“ఏం కాటమయ్యా, పెండ్లికొడుక్కు బాసికం కట్టినట్లు ఏందప్పా ఇది?”

నాలుగువందల ముప్పై అడుగుల దగ్గర దుమ్ము తడిసింది. తర్వాత నీళ్ళు ఎగిరి మా అక్క నెత్తిన పడినాయి. రెండున్నర ఇంచులు. పద్ధతి ప్రకారం తొలి దోసిలి నాకు తాగించారు, బురద నీళ్ళు. ఆ పొద్దు వీరన్న కూడా నా చెయ్యి పట్టుకున్నాడు.

ఏడాదిలో పదిహేడు పాయింట్లు పెట్టాను. పదహారు పడినాయి. టెంకాయ, టవలు, జేబులో ఎవరికి తోచింది వాళ్ళు పెట్టేవాళ్ళు. బోరు బండి మీద చెవులు పోగొట్టుకున్న మనిషికి బోరు దగ్గరే మర్యాద జరుగుతా ఉంటే ఎట్లుంటుందో మీకు తెలీదు. పదిహేడోది వీరన్నది. ఆ పాయింటు మా అక్క తోటకు అర కిలోమీటరు దిగువన, వంక గట్టు మీద పెట్టాను. మూడించులు పడింది. టమాటా పెట్టినాడు.

ఆరు నెలలకోసారి చెవి చూపించుకోవాలి. మొదటిసారి భయపడి చెప్పలేదు, రెండోసారి పోయినప్పుడు ఈ సంగతంతా డాక్టరమ్మకు చెప్పాను. కోప్పడుతుందని అనుకున్నాను. ఆమె పెన్ను పక్కన పెట్టి, మళ్ళీ మొదట్నుంచి చెప్పమంది. మూడోసారి కూడా చెప్పించుకుంది. తర్వాతి సోమవారం బస్సు దిగి మా ఊర్లో నిలబడింది, ఒక చేత్తో బ్యాగు, ఒక చేత్తో మడత మంచం.

తొమ్మిది రోజులు మా అక్క తోట షెడ్డులో ఉంది. అక్క చేసిన రాగిసంగటి తినడం రాక, గోరుముద్దలు చేసుకుని మింగేది. చిన్నపిల్లకు తినిపించినట్లుందే అని అక్క ఆమెకు వేరే అన్నం వండేది. పొద్దున లేస్తే నా వెంటే. చప్పుడుందా, ఎంతుంది, ఏ పక్కనుంచి, ఇప్పుడు టైమెంత. అన్నీ నోటుబుక్కులో. ఆమె చూపులో ఉన్నంత ఆశ నేను ఏ రైతు చూపులో కూడా చూడలేదు, రైతులకు నీళ్ళ మీద ఆశ ఉంటుంది. ఆమెకు దేని మీదో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆ తొమ్మిది రోజుల్లోనే మా అక్క బోరు తగ్గడం కనబడింది. రెండున్నర ఇంచులది ఒకటిన్నరైంది, తర్వాత ముప్పావు. మోటారు పాతబడిందన్నారు. ఇసుక చేరిందన్నారు. అక్క డ్రిప్పు పైపులు విప్పి ఊదుకుంటా ఉంది.

గురువారం చప్పుడు పొద్దున్నే రాలేదు. నాలుగు గంటలు ఆలస్యంగా వచ్చింది. డాక్టరమ్మ నన్ను అడిగింది, నేను నీళ్ళకూ నిద్ర ఉంటుందేమో అన్నాను. నిజంగానే అట్లా అనుకునేవాణ్ణి. సాయంత్రమైతే చప్పుడు ఆగిపోయేది, పొద్దున మొదలయ్యేది. ఆమె అక్కను అడిగింది, ఈ పొద్దు ఊర్లో కొత్తగా ఏం జరిగిందని. ఏమీ లేదు, కరెంటు వంతు మారిందంతే అని అక్క చెప్పింది. మా ఊరికి మోటార్ల కరెంటు ఒక వారం పొద్దున్నే ఇస్తారు, ఒక వారం ఎండెక్కినాక ఇస్తారు.

డాక్టరమ్మ నోటుబుక్కు వెనక్కి తిప్పి, పేజీ పేజీ చూసింది. తర్వాత లైన్‌మన్ దాదాపీరును పిలిపించింది. పది నిమిషాలు మోటార్ల లైను ఆపమని అడిగింది. ఆయన నా మొహం చూశాడు. నా పాయింటు వల్లే ఆయన తమ్ముని పొలంలో కూడా నీళ్ళు పడ్డాయి, అందుకని కాదనలేకపోయాడు.

నేను తోటలో నేల మీద కూర్చున్నాను. ఆమె నా ఎదురుగా కూర్చుంది, చేతిలో గడియారం. లైను ఆగినట్లు దాదాపీరు దూరం నుంచి చెయ్యెత్తాడు. రెండు నిమిషాలు అట్లనే ఉంది. మూడో నిమిషంలో చప్పుడు వణికింది. నాలుగో నిమిషంలో, సంతలో తక్కెడ ఆగినట్లు, ఆగింది. నేల అంత మూగగా ఉండటం నాకు ఏడాదిన్నరగా తెలీదు. మళ్ళీ లైను వేశారు. మళ్ళీ నెమ్మదిగా వచ్చింది.

డాక్టరమ్మ నవ్వింది. ఆ వయసులో మనిషి అట్లా నవ్వుతారని నాకు తెలీదు. నా రెండు చేతులూ పట్టుకుని, నోరు బాగా కదిలిస్తా చెప్పింది.

“మీరు వింటున్నది నీళ్ళను కాదు కాటమయ్యా. నీళ్ళ నడకను.”

ఆమె చెవి డాక్టరు, అక్కడితో ఆగిపోయింది. నేను బోరు బండి మనిషిని. నాలుగువందల అడుగుల కింద బండల సందుల్లో ఉన్న నీళ్ళు వాటంతట అవి పరుగెత్తవు. ఎవరో లాగితేనే నడుస్తాయి. నిలిచిన నీళ్ళకు చప్పుడు లేదు. అంటే నేను రాయి పెడితే నీళ్ళు పడిన పదహారు చోట్లా ఆ నీళ్ళు అప్పటికే ఎవరి బోరుకో పోతా ఉన్నాయి. నేను దారిలో గండి కొట్టాను, అంతే. ఆమె నవ్వుతా ఉంది, నేను నా చేతులు విడిపించుకున్నాను.

మరుసటి దినం దాదాపీరును, రైతులను బతిమాలి ఒక్కొక్క మోటారే వేయించాను. మా అక్క బోరు పక్కన చెప్పులిడిచి నిలబడ్డాను. అక్కది ఆపి వీరన్నది ఒక్కటే వేసినప్పుడు, నా కాళ్ళ కింద చప్పుడు తాడు లాగినట్లు వంక దిక్కుకు పోయింది. నేను ఏమీ చెప్పకముందే అక్క నా మొహం చూసి వచ్చి నిలబడింది. చెప్పాను. నేను పెట్టిన పాయింటే నీ నీళ్ళు తీసుకుపోతాందక్కా అని.

అక్క చెట్ల దిక్కు చూసింది. తర్వాత నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

“అట్లయితే నాకు యాడి నీళ్ళు వచ్చినాయి రా?”

నాకు తెలుసు. అక్కకు నీళ్ళు పడిన ఎండాకాలమే ఎగువన పుల్లన్న బోరు నిలిచిపోయింది. ఆయన ఆవులమ్ముకుని బెంగళూరులో కట్టడం పనికి పోయాడు. పేరు చెప్పాను. అక్క కొంగు తీసి మొహం తుడుచుకుంది. తుడుచుకుని అంది.

“పోయిన నీళ్ళ కత నాకొద్దు. నా చెట్లు బతకల్ల. ఇంకో పాయింటు పెట్టు.”

నా ఒక్కగానొక్క అక్కకు నేను లేదని చెప్పింది ఆ ఒక్కసారే. పెడితే ఇంకొకరివి లాగాలి. నిలిచిన నీళ్ళు ఎక్కడున్నాయో నా చెవికి తెలీదు. అక్క వినలేదు. మూడొందల పది చెట్లు మనుషులైతే నీకు తెలిసేదిలే అని పోయింది. ఆ పొద్దు నుంచి నాతో మాట్లాడలేదు.

డాక్టరమ్మకు చెప్తే నోటుబుక్కు మూసింది. నీళ్ళ పంచాయితీ తన పని కాదని, కానీ ఇది తాను అడగని ప్రశ్న అని, అడిగి ఉండాల్సిందని అంది. అంతవరకు మంచిమాటే. వెంటనే నన్ను పట్నం వచ్చేయమంది. ఇల్లు ఇప్పిస్తుందంట, నెలనెలా జీతం ఇప్పిస్తుందంట. ఈ చెవి ప్రపంచంలో ఒక్కటేనంట. ఆమె చెవి అనే అంటుంది, మనిషి అనడం మరిచిపోతుంది.

నేను ఇంకో మాట అనుకున్నాను. నిజం చెప్తే జనం నన్ను పిలవడం మానుకుంటారని. రచ్చకట్ట దగ్గర అందరికీ చెప్పాను, నా పాయింటు అంటే పక్కోని నీళ్ళని. తిడతారనుకున్నాను. ఇద్దరు ముగ్గురు తిట్టారు. మిగతావాళ్ళు మరుసటి దినం పొద్దున నా ఇంటి ముందు ఉన్నారు. ముందటి కంటే ఎక్కువ మంది. పక్కూరి మనిషి ఒకడు నా ముఖానికి దగ్గరగా వచ్చి, ఎవరూ వినకూడదన్నట్లు చిన్నగా నోరు కదిలించాడు.

“వాడు నావి లాగినాడు కదప్పా. వానివి నాకు లాగిపెట్టు.”

వేరే జిల్లా కాంట్రాక్టరు జీపు తెచ్చాడు. చివర్లో వీరన్న కూడా వచ్చాడు, ముందుజాగ్రత్తకు ఇంకా దిగువన ఒకటి పెట్టిపోమని. నేను లేదంటే వాళ్ళు డాక్టరమ్మను అడగడం మొదలుపెట్టారు. ఇంకొకరికి ఈ మందు వేస్తావా అని. ఆమె వెయ్యనని చెప్పలేదు. చూడాలి అంది.

ఆ చూడాలి అనే మాట ఆమె నోటి మీద చదివినప్పుడే నేను తేల్చుకున్నాను. ఆమె దగ్గర మందు ఉంది, అది ఆమె ఇష్టం. ఈ చెవి నాది.

ఊరి పడమర ఒకాయన నన్ను పిలవకుండా, టెంకాయ పట్టి చూసేవాళ్ళ చేత పాయింటు పెట్టించుకుని బోరు వేయిస్తా ఉన్నాడు. పొద్దున ఎనిమిదికి పోయాను. డిప్పలు తీసి బండి నిచ్చెనకు తగిలించాను. కంప్రెసరు పక్కన, ఇరవై మూడేండ్లు నిలబడిన చోటే నిలబడ్డాను. కొత్త చెవికి ఆ చప్పుడు ఎట్లుంటుందో నేను అనుకోలేదు. నేల నోరు తెరిచి నన్ను నమిలినట్లు అనిపించింది. వాంతి అయింది. నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను.

గంటకు డాక్టరమ్మకు తెలిసింది. చెప్పులు లేకుండా పరుగెత్తి వచ్చింది. పదడుగుల దూరంలో నిలబడి నోరు కదిలిస్తా ఉంది. వద్దు అంది. ముప్పై ఏళ్ళు అంది. ముందు నాకు చెప్పకుండా ఎందుకు అంది. ఆమె అడిగేది న్యాయమే. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. చెవిటోడు మొహం తిప్పుకుంటే తలుపు వేసుకున్నట్లే. అది ఆమెకు నాకంటే బాగా తెలుసు.

మధ్యాహ్నం దాటినాక నేల తగ్గుతా వచ్చింది. ముందు దూరం పోయింది, తర్వాత లోతు పోయింది. మూడు గంటలకు బండి చప్పుడు కూడా మునుపటిలాగా ఒళ్ళు అదురుడు తప్ప ఏమీ మిగల్లేదు. అప్పుడు వెనక్కి చూశాను. డాక్టరమ్మ ఒక రాయి మీద కూర్చుని ఉంది, నా డిప్పలు ఒళ్ళో పెట్టుకుని. ఏడ్చిందో లేదో తెలీదు. నేను నిచ్చెన వదిలి చెయ్యి ఊపి, అయిపోయింది అన్నాను. ఆమె గడియారం చూసుకుని, నోటుబుక్కు తీసి టైము రాసుకుంది.

ఆ సాయంత్రం బస్సుకు పోయింది. మందు ఇంకెవరికీ వెయ్యలేదని తర్వాత తెలిసింది. ఆ ఒక్కటీ ఆమె పేజీల్లో రాయలేదు, ఎందుకు వెయ్యలేదో కూడా రాయలేదు.

చెవి పోయిందని తెలిసి జీపులు రావడం ఆగింది. కానీ మా అక్క చెట్లు అట్లనే ఉన్నాయి. పోయి చూస్తే ఆకులు గొట్టాల్లా ముడుచుకున్నాయి. అక్క ఒక బిందె తెచ్చి ఒక చెట్టుకు పోసి, ఇంకో బిందె తెచ్చి ఇంకో చెట్టుకు పోస్తాంది. నన్ను చూసి కూడా చూడనట్లే ఉంది. నాకు పాయింటు పెట్టే శక్తి లేదు, పెట్టాలనీ లేదు. నీళ్ళు లాగుతున్న నోరు ఒక్కటి మూస్తే చాలు. ఆ నోరు ఏదో నా చెవి చెప్పి పోయింది.

వీరన్న ఇంటికి పోయాను. మంచం వేసి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. బోరు పూడ్చెయ్యమంటే మొదట నవ్వాడు. టమాటా కాపు మీద ఉందన్నాడు. పాయింటు పెట్టిందే నువ్వు కదప్పా అన్నాడు. అవును నేనే అన్నాను. ఎంతసేపు కూర్చున్నా లేవకపోయేసరికి నవ్వడం మానేశాడు.

“పూడిస్తే నాకేం ఇస్తావు కాటమయ్యా? నీ దగ్గర రోడ్డు పక్క భూమి తప్ప ఏముంది?”

నాకు ఇంకేమీ లేదని వానికీ తెలుసు, నాకూ తెలుసు. ఇంట్లో చెప్తే మా ఇంటామె చేతిలో చాట కింద పెట్టింది. చెవులు ముందే పోయినాయి, ఇప్పుడు కాళ్ళ కింద నేల కూడానా అని అడిగింది. అడిగి, పాసుపుస్తకం ఉన్న పెట్టె తాళం తెచ్చి నా ముందు పెట్టింది.

కాగితం రాసుకున్నాక వీరన్న మాట తప్పలేదు, అది ఒప్పుకోవాలి. మోటారు పైకి తీయించి, కేసింగులో కంకర పోయించి, పైన సిమెంటు వేయించాడు. పందొమ్మిదో నాడు మా అక్క బోరు ఒకటిన్నర ఇంచులకు వచ్చింది. అక్క చెప్పలేదు. నేను వంక గట్టు మీది నుంచి చూశాను. డ్రిప్పు పైపుల కింద నల్లగా తడిసిన నేల, వరసలు వరసలుగా. మూడొందల పదిలో నలభై రెండు చెట్లు పోయినాయి. మిగతావి చిగురు వేసినాయి.

భూమిని వీరన్న పేరు మీదికి రాయించేటప్పుడు రిజిస్ట్రాఫీసులో వేలిముద్ర వేయించుకునే మనిషి భూమి వివరం చదివి, సరేనా అని నా నోటికేసి చూశాడు. సరే అన్నాను. సర్వే నంబరు నూట ఎనభై ఏడు బై రెండు, తారురోడ్డు పక్క ఎర్రనేల, రెండెకరాల ముప్పై ఆరు సెంట్లు.